వదిన అడిగితే

సింగపూరు ఓడల యార్డులో ఉపేంద్రకు ఇంగ్లీషు వచ్చినవాడని పేరు. ఆ పేరు ఊరికే రాదు, వచ్చాక ఊరికే ఉండనివ్వదు. పొద్దున్నే పనిలోకి దిగే ముందు సూపర్‌వైజరు చెప్పే జాగ్రత్తలన్నీ తెలుగువాళ్ళకు తెలుగులో అప్పజెప్పాల్సింది అతనే. ఎవరికి జ్వరమొచ్చినా క్లినిక్కుకి వెంట పోవాల్సిందీ, ఎవరి కార్డు బ్యాంకు మిషను మింగినా ఫోను చేయాల్సిందీ అతనే. ఆ మంగళవారం అతని చేతిలోంచి గ్రైండరు తీసి పక్కన పెట్టించి, ఒంటిమీది మురికి బట్టలైనా మార్చుకోనివ్వకుండా ఆస్పత్రికి పట్టుకొచ్చిందీ ఆ పేరే.

ఐసీయూ పక్కన చిన్న గది. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, బల్లమీద టిష్యూ కాగితాల డబ్బా. ఆ డబ్బాకి ఆనించిన ఫోనులో అమ్ములు ముఖం. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో ఉండగానే కబురు విని ఇంటికి పరుగెత్తుకొచ్చిందేమో, తలకు కట్టుకున్న గుడ్డ ఇంకా విప్పలేదు. ఆమె భర్త పరశురాముడు గోడకి అవతల ఉన్నాడు. ముందురోజు మధ్యాహ్నం ఓడ ట్యాంకులో పరంజా మీద నిలబడి వెల్డింగు అతుకులు గ్రైండరుతో అరగదీస్తూ కింది పలకల మీద పడ్డాడు. పుర్రె పగిలింది. రాత్రి ఆపరేషను చేశారు.

డాక్టరు చిన్న వయసు చైనీస్ అమ్మాయి. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తొందరపడకుండా, ఒక్కో వాక్యం చెప్పి ఆగుతోంది. ఆ ఆగడం ఉపేంద్ర కోసం. ఆమె అలా ఆగినప్పుడల్లా గదిలో అందరి కళ్ళూ అతని మీదికే తిరుగుతున్నాయి.

"ఇఫ్ హి వర్ టు వేక్ అప్, హి వుడ్ నాట్ నో హిజ్ ఫ్యామిలీ."

ఉపేంద్ర చెవి అక్కడ చటుక్కున పట్టుకుంది. ఆమె 'ఇఫ్ హి వేక్స్ అప్' అనలేదు. రెండు ఆదివారాలుగా కల్పన ఆంటీ ఇంగ్లీషు క్లాసులో నడుస్తున్న పాఠం ఈ 'ఇఫ్' గురించే. దాని పక్కన ఏ మాట చేరిందో చూడకుండా అర్థం చెప్పుకోవద్దని ఆవిడ నెత్తీనోరూ కొట్టుకుంటోంది. ఇక్కడ చేరిన మాట మంచిది కాదని అతనికి అనిపించింది. ఎంత మంచిది కాదో తెలియలేదు.

ఫోను వైపు వంగాడు. "వదినా, డాక్టరమ్మ ఏటంటందంటే, అన్న లెగిస్తే కొన్నాళ్ళు మనుషుల్ని గుర్తుపట్టడం కష్టమవుద్దట."

'కొన్నాళ్ళు' అన్నది డాక్టరు అనలేదు. అది తన నోట్లోకి ఎక్కణ్ణించి వచ్చిందో ఉపేంద్రకే తెలియదు.

"లెగుస్తాడు గదా బాబూ?" అంది అమ్ములు.

"లెగిస్తే అంటంది గదా వదినా, మరి."

డాక్టరు మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అసలు మాటే వచ్చింది. ఇఫ్ హి డైస్. చనిపోయే పక్షంలో ఏం జరుగుతుంది, ఎవరికి ముందు చెబుతారు, కుటుంబానికి ఏం కావాలో అడుగుతారు, అన్నీ నెమ్మదిగా వివరించింది. వాన పడితే గొడుగు తెచ్చుకోండి అన్నంత మామూలుగా చెప్పింది. అందులో ఆమె తప్పు లేదు. ఇంగ్లీషులో 'ఇఫ్' పక్కన చావును పెట్టవచ్చు. మన ఇళ్ళలో పెట్టరు. ఇన్సూరెన్సు ఏజెంటు కూడా 'జరగరానిది ఏదైనా జరిగితే' అని అటూ ఇటూ చూసి చెబుతాడు. పిల్లాడు అలాంటి మాట అంటే తల్లి నోటిమీద ఒకటి వేసి, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, అన్నది అన్నట్టే జరుగుతుంది అంటుంది. ఉపేంద్ర తల్లి అతని నోటిమీద అలా చాలాసార్లే వేసింది.

"ఏటంటంది?" అంది అమ్ములు.

"దేవుడిమీద భారం వెయ్యమంటంది వదినా. బాగా చూసుకుంటన్నారు."

డాక్టరు తల ఊపింది. తను చెప్పిందంతా అటువైపు చేరిందనే ఆ అమ్మాయి అనుకుంది.

గదిలో మూడో కుర్చీ శ్యాంసుందర్‌ది. కంపెనీలో పనివాళ్ళ మంచిచెడ్డలు చూసే ఉద్యోగి. మలేషియాలోని జొహోర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడితే అందులో మూడు నాలుగు భాషలు దొర్లుతాయి. తర్జుమాలో మాట మారిందని తెలిసినా అక్కడున్నంతసేపూ నోరు విప్పలేదు. బయటికి వచ్చాక ఉపేంద్ర భుజం మీద చెయ్యి వేశాడు.

"మకాన్ అయిందా నీకు? కాలేదా? ఐయో, ముందు కింద పోయి ఏమన్నా తిను." రెండడుగులు నడిచాడు. "ఇంకొకటి. బాస్ చెప్పినాడు, ఫ్యామిలీ అడిగితే టికెట్టు, వీసా, ఇక్కడ రూము, అంతా కంపెనీ చూస్తుంది. కానీ అడిగితేనే. నువ్వు నోట్లో పెట్టి అడిగించద్దు, కెన్?"

"అడిగితే నిజంగా ఇస్తారా సార్?"

"ఇస్తాం లా. ఎందుకు ఇవ్వం? ఇఫ్ షి ఆస్క్స్, వియ్ విల్."

అందులో అబద్ధం ఏమీ లేదు. నిజంగానే ఇస్తారు. అడగవచ్చునని పలాసలో ఉన్న మనిషికి ఎవరూ చెప్పకుండా ఉండడమే అందులోని తెలివి. ఆ తెలివి శ్యాంసుందర్‌ది కాదు. అతనికి ఆ మాట చెప్పడం కూడా ఇష్టం లేదు, అందుకే లిఫ్టు బటను మీద వేలు పెట్టి అటు చూస్తూ చెప్పాడు.

ఉపేంద్ర తినడానికి వెళ్ళలేదు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. పరశురాముడి తల నిండా కట్టు, నోట్లో గొట్టం. మిషను గాలి పంపినప్పుడల్లా ఛాతీ లేస్తోంది. నర్సు తడి గుడ్డతో కనురెప్పలు తుడిచి, ఏదో జెల్లు రాసి మూసింది. ఒళ్ళంతా శుభ్రంగా కడిగారు గానీ గోళ్ళ సందుల్లో నల్లటి ఇనుప రజను అలాగే ఉంది. అది ఒకరోజు కడిగితే పోయేది కాదు. ఉపేంద్ర ఆ చెయ్యి ఒకటి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి గోటితో మెల్లిగా ఆ నలుపు గీకుతూ నిలబడ్డాడు. నర్సు చూసి, ఒక దూదిపుల్ల తెచ్చి అతని చేతిలో పెట్టి వెళ్ళింది.

*

బుధవారం పొద్దున పనివాళ్ళంతా రేవు గట్టు మీద వరసల్లో నిలబడ్డారు. హెల్మెట్లు, నడుముకు బెల్టులు, బెల్టులకు వేలాడుతున్న కొక్కేలు. సూపర్‌వైజరు రోజూ కన్నా ఎక్కువసేపు మాట్లాడాడు. గొంతు చించుకున్నాడు. చివర్లో వేలు ఓడ వైపు చూపించి అన్నాడు, పరశురాముడు కొక్కెం తగిలించుకుని ఉంటే ఈపాటికి మీ వరసలో నిలబడి ఉండేవాడని.

పరశురాముడు పని చేసిన మూలలో కొక్కెం తగిలించడానికి తాడు లేదు. ఆ సంగతి అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ముందురోజు సాయంత్రం తాడు కట్టారనీ తెలుసు. కొత్త తాడు, పచ్చగా మెరిసిపోతోంది.

సూపర్‌వైజరు ఉపేంద్ర వైపు చూశాడు, కానివ్వమన్నట్టు.

"అందరూ కొక్కేలు సరిగ్గా తగిలించుకోమంటన్నాడు," అన్నాడు ఉపేంద్ర.

వరసలోంచి ఏసుబాబు అడిగాడు. హాస్టల్లో పరశురాముడి పక్క మంచం వాడు, రాత్రంతా ఏడ్చిన కళ్ళు. "అంతేనా? అంతసేపు అరిచినాడు."

"అంతే."

ఉపేంద్ర తర్జుమా ఎప్పుడూ ఇంతే. ఇది చెయ్యకపోతే చస్తారు అని అవతలివాడు అరిస్తే, ఇతను 'కాస్త జాగ్రత్త' అంటాడు. పొద్దున్నే పనిలో దిగబోయేవాళ్ళ మొహాన చావు మాట అనకూడదు. అతను అనడనే వాళ్ళకూ అతనంటే ఇష్టం. ముళ్ళన్నీ ఏరేసి చేప పెట్టినట్టు పెడతాడు. ఆ పూట మాత్రం ఏరిపారేసింది ముల్లు కాదు, ఒక మనిషి మీద వేసిన నింద. పడుకుని ఉన్నవాడి మీద అందరి ముందూ నింద వేస్తే, అది వాళ్ళకి అర్థం కాకుండా చేసి, వాళ్ళకి కోపం రాకుండా కాపాడాడు. సూపర్‌వైజరు అతనికి థాంక్యూ కూడా చెప్పాడు.

టీ విరామంలో ఉపేంద్ర కంటైనరు వెనక నీడలోకి వెళ్ళి కల్పనకు ఫోను చేశాడు. ఆవిడ ఆఫీసులుండే వన్-నార్త్‌లో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు పనివాళ్ళకు ఇంగ్లీషు చెబుతుంది.

"ఆంటీ, చిన్న డౌటు. 'ఇఫ్ హి వేక్స్ అప్'కీ 'ఇఫ్ హి వర్ టు వేక్ అప్'కీ తేడా ఏటి?"

"అబ్బ, హోంవర్కు చేస్తున్నావా పనిలో కూడా?" అని నవ్వింది ఆవిడ. "మొదటిదాంట్లో తలుపు తీసే ఉంది. లేవచ్చు, లేవకపోవచ్చు. రెండోదాంట్లో తలుపు దాదాపు మూసేశారు. మాటవరసకి అనుకుందాం అంటున్నారన్నమాట. అలా చెప్పే మనిషికి అది జరుగుతుందన్న నమ్మకం లేదు."

"నమ్మకం నేదా."

"చాలా వరకు. ఇక 'ఇఫ్ హి హ్యాడ్' అన్నావనుకో, తలుపు లేదు, అక్కడ గోడే. అయిపోయిన సంగతి. ఏం చేసినా మారదు." అంటూనే ఆవిడ గొంతు మారింది. "ఉపేంద్రా, ఎవరు లేవాలి?"

చెప్పాడు. అటువైపు ఆఫీసులో ఎవరివో నవ్వులు వినిపిస్తున్నాయి. ఆవిడ లేచి ఎక్కడికో నడిచినట్టుంది, నవ్వులు ఆగిపోయాయి.

"అతని భార్యకు ఏం చెప్పావు?"

"లెగుస్తాడనే."

"డాక్టరు ఏమన్నారో అదే చెప్పాలి నువ్వు. ఈరోజే చెప్పాలి. నీకు కష్టంగా ఉంటే నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను."

"వద్దాంటీ. ఆ మనిషికి మీరెవరో తెల్దు. నానే సెప్తాను."

ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే చెబుదామనుకున్నాడు. మిగిలిన పూటంతా గ్రైండరు రొదలో ఆ వాక్యాలే కూర్చుకున్నాడు. వదినా, అన్న పరిస్థితి ఏం బాగాలేదు. వదినా, ధైర్యం తెచ్చుకో. వదినా, డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దంటున్నారు. ముఖానికి అద్దం, చెవుల్లో దూదిబిరడాలు, తనతో తను మాట్లాడుకుంటున్నా ఎవరికీ వినిపించదు. ఒకసారి పైకే అనేశాడు. అనగానే గ్రైండరు ఆపి, చెంపలు వేసుకున్నాడు.

సాయంత్రం ఆస్పత్రిలో అమ్ములు ముందే మొదలుపెట్టింది. ఈసారి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని ఉంది.

"బాబూ, ఫ్యాక్టరీలో మేస్త్రీని సెలవడిగీసినాను. పాస్‌పోర్టు పెట్టిలోనే ఉంది, మీ అన్న కిందటేడు తీయించినాడు గదా, సింగపూరు సూపిత్తానని. మరి నాను వచ్చీవాలేటి?"

అడిగింది. అడగమని ఎవరూ చెప్పకుండా, ఎవరూ నోట్లో పెట్టకుండా, తనంతట తనే అడిగింది.

ఉపేంద్ర అద్దంలోంచి లోపలికి చూశాడు. నర్సులు ఇద్దరు చేరి పరశురాముణ్ణి పక్కకి ఒత్తిగిల్లజేసి వీపు తుడుస్తున్నారు. చెయ్యి ఒకటి మంచం అంచు మీంచి జారి వేలాడింది. ఒక నర్సు దాన్ని తీసి దుప్పటిలో పెట్టింది. రావాలి వదినా, ఇప్పుడే బయల్దేరు అంటే, ఎందుకు అని ఆమె అడుగుతుంది. ఎందుకో చెప్పాలి. చెబితే అది జరుగుతుంది. తను చెప్పడం వల్లే జరిగినట్టవుతుంది. అతనికి భయం వేసింది. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, అంత ఎత్తున పరంజాల మీద నడిచేవాడు, ఒక్క మాటకి భయపడ్డాడు.

"ఇప్పుడొచ్చి ఏటి సేస్తావు వదినా? లోపలికి కూడా రానివ్వరు. అన్న లెగిసాక వద్దువుగాని. అప్పుడైతే నీతోటి మాట్లాడతాడు కూడాను."

"అలాగంటావా," అంది. "నువ్వలాగంటే అలాగే. నువ్వక్కడున్నావు, నీకు తెలుస్తాది."

బయట శ్యాంసుందర్ కాఫీ ప్లాస్టిక్ సంచీలో వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. "అడిగిందా?"

"అడగలేదు సార్."

శ్యాంసుందర్ తల ఊపి, కాఫీ అతనికిచ్చాడు. ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించాడు గానీ, లిఫ్టు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "షూర్ ఆ? అడగలేదా?"

"నేదు సార్."

*

గురువారం అమ్ములు ఇంకాస్త తేరుకుని ఉంది. లేచినవాడికి పెట్టాల్సిన తిండి గురించి అడిగింది. గొంతులో గొట్టం పెట్టారు కదా, గంజి పడుతుందా? జీడిపప్పు మెత్తగా నూరి పాలలో కలిపి పడితే బలం వస్తుందని అత్త అంటోంది, అక్కడ పట్టనిస్తారా? ఇప్పుడే మంచి పప్పు ఏరి పక్కన పెడుతుందట. ఫ్యాక్టరీలో ఆమెది పొట్టు తీసే పని. మాట్లాడుతూనే వేళ్ళు ఆడిస్తోంది, ఎదుట పప్పు ఉన్నట్టు.

డాక్టరు అప్పుడే లోపలికి వచ్చింది. "వాట్ ఈజ్ షి ఆస్కింగ్?"

ఉపేంద్ర ఉన్నదున్నట్టు చెప్పాడు, ఏం తినవచ్చని అడుగుతోందని.

డాక్టరు చేతిలోని కాగితాలు బల్లమీద పెట్టింది. ఫోనులోని ముఖం వంక చూసింది. ఆ ముఖంలో ఆమె వెతికింది ఏమిటోగానీ అది దొరకలేదు. ఉపేంద్ర వైపు తిరిగి, ఆమెకు అంతా అర్థమైందా అని అడిగింది. నేను చెప్పినవన్నీ చెప్పావా?

"యెస్ డాక్టర్."

"ఆర్ యూ షూర్?"

"యెస్ డాక్టర్. షి అండర్‌స్టాండ్స్. ఇన్ అవర్ ప్లేస్, పీపుల్ టాక్ లైక్ దిస్."

ఈ ఒక్క ముక్క ఎక్కడా తడబడకుండా వచ్చింది. ఆ అమ్మాయి పాపం నమ్మింది. వేరే ఊళ్ళవాళ్ళ పద్ధతులు వేరుగా ఉంటాయని ఆమెకు చదువులో చెప్పి ఉంటారు. కావాలంటే ఆస్పత్రి తరఫున ఇంకొక దుబాసీని పిలిపిస్తానంది. వద్దన్నాడు, నేను ఆయన తమ్ముడిలాంటివాణ్ణి అన్నాడు. అదీ నిజమే.

ఆ పూట పరశురాముడి పక్కన చాలాసేపు కూర్చున్నాడు. దూదిపుల్లతో కుడిచేతి గోళ్ళన్నీ శుభ్రం చేసి ఎడమచేతికి వచ్చాడు. చెయ్యి వెచ్చగానే ఉంది. మిషను గాలి పంపుతూనే ఉంది, ఛాతీ లేస్తూనే ఉంది. ఇంత ఉన్నాక ఏమో, ఎవరికి తెలుసు అనుకున్నాడు. అలా అనుకోవడం హాయిగా ఉంది. పలాసలో ఒక మనిషి జీడిపప్పు ఏరుతోంది, ఇక్కడ తను గోళ్ళు తీస్తున్నాడు, ఇద్దరూ కలిసి ఒక మనిషిని లేపుతున్నట్టే ఉంది. తాను చేసేది మోసమని అతనికి ఆ పూట ఒక్కసారి కూడా అనిపించలేదు.

*

శుక్రవారం యార్డులోంచే పిలిచారు. వెళ్ళేసరికి గదిలో డాక్టరుతో పాటు ఒక పెద్ద డాక్టరూ, శ్యాంసుందర్ ఉన్నారు. ఎవరూ కూర్చోలేదు. మెదడు దేనికీ పలకడం లేదని పెద్దాయన చెప్పాడు. మందులు ఎంత ఎక్కిస్తున్నా రక్తపోటు పడిపోతోంది. గుండె ఏ క్షణాన్నయినా ఆగవచ్చు. ఆగితే ఛాతీ మీద గుద్ది, కరెంటు పెట్టి మళ్ళీ కొట్టుకునేలా చెయ్యాలా, వద్దా? చేసినా ఫలితం ఉండదు. కానీ ఆ మాట కుటుంబంతో మాట్లాడాలి.

ఫోను కలిపారు. అమ్ములు ఫ్యాక్టరీ దగ్గరే ఉంది, వెనక గోనెసంచుల గుట్ట. చిన్న డాక్టరు ఫోనుకు దగ్గరగా వంగి, ఆమె కళ్ళలోకే చూస్తూ అడిగింది. "ఇఫ్ హి కుడ్ స్పీక్ టు అస్ నౌ, వాట్ వుడ్ హి సే?"

అది మంచి ప్రశ్న. దయగల ప్రశ్న. నీ భర్తను నువ్వు చంపుతావా ఉంచుతావా అని అడగకుండా, ఆయనే గనక మాట్లాడగలిగి ఉంటే ఏమనేవాడని అడుగుతోంది.

"వదినా," అన్నాడు ఉపేంద్ర. "అన్నే గాని మాట్లాడగలిగుంటే ఏటనీవాడని అడుగుతంది డాక్టరమ్మ."

అమ్ములుకి నవ్వులాంటిది వచ్చింది. "అదేటి బాబూ! లెగిసాక ఆయన్నే అడిగితే పోలేదా? మధ్యన నానెందుకు?"

ఉపేంద్ర ఫోనులోని ఆ ముఖం వంక చూశాడు. మంగళవారం నుంచి తను కట్టుకుంటూ వచ్చిందంతా ఆ నవ్వులో కనిపించింది. ఆమె ఎంత నమ్మితే అలా నవ్వగలదు!

"వాట్ డిడ్ షి సే?" అంది డాక్టరు.

ఉపేంద్ర ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"వదినా, అన్న లెగడు."

గోనెసంచుల ముందు ఆ ముఖం అలాగే ఉంది. ఫోను ఆగిపోయిందేమో అనిపించేంత కదలకుండా ఉంది.

"ఈయాల సెప్పినారేటి?"

"మంగళారమే సెప్పినారు."

శ్యాంసుందర్ చటుక్కున తల ఎత్తాడు.

"రావాలేటని నిన్ను అడిగినాను గదా బాబూ," అంది అమ్ములు. గొంతు పెంచలేదు. "బుధారం నాడు. సెలవు కూడా అడిగీసినానని సెప్పినాను."

"అడిగినావు వదినా."

"అడిగిందా?" అన్నాడు శ్యాంసుందర్. ఎవరూ అతని వంక చూడలేదు. అతను కుర్చీ వీపు పట్టుకుని, అలామక్, ఐయో అని గొణిగాడు.

"నానిప్పుడు బయల్దేరితే అందుకుంటానా?"

ఉపేంద్ర డాక్టర్లను అడిగాడు. వాళ్ళు శ్యాంసుందర్‌ను చూశారు. విశాఖపట్నం నుంచి విమానం ఎక్కితే నాలుగు గంటలే, కానీ ఎంత పరుగులు పెట్టినా వీసా చేతికొచ్చేసరికి రేపు మధ్యాహ్నమని అతను చెప్పాడు. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చిన్న డాక్టరు ఏదో అనబోయింది, "ఇఫ్ షి హ్యాడ్..." అని ఆగిపోయింది. పూర్తి చెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆ మాత్రం విన్నా ఉపేంద్రకు చాలు.

"అందుకోలేవు వదినా."

అటువైపు ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచారు. చేత్తో ఉండమంది.

"ఫోను ఆయన సెవికాడ ఎట్టు."

నర్సు అతనికి గౌను తొడిగింది. ఉపేంద్ర లోపలికి వెళ్ళి, కట్టు లేని వైపు చెవి దగ్గర ఫోను పట్టుకున్నాడు. చిన్న డాక్టరు వెనకాలే వచ్చి మంచం కాళ్ళవైపు నిలబడింది. శ్యాంసుందర్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఇదిగో, నాను," అంది అమ్ములు. "ఇంటున్నావో నేదో. నువ్వెల్లిపోతే ఎల్లిపో. మా కోసరం ఆ గొట్టాలతోటి అలాగుండిపోకు. మీ యమ్మని నాను సూసుకుంటాను. మన కూతురు గుంటని సదివిస్తాను. ముసిల్ది ఏడుత్తాది, ఏడవనీ. నువ్వు సచ్చిపోతే నానేటీ అయిపోను. ఇన్నావా? నువ్వు సచ్చిపోతే పిక్కలు కొట్టుకుని బతుకుతాను. నువ్వు బెంగెట్టుకోకు."

నాలుగు రోజులుగా ఉపేంద్ర నాలుక చివర కూడా పెట్టడానికి భయపడిన మాట. ఆమె రెండుసార్లు అంది. తడుముకోలేదు, చెంపలు వేసుకోలేదు. అతని చేతిలో ఫోను జారి పరశురాముడి చెంపకు తగిలింది. సర్దుకుని మళ్ళీ పట్టుకున్నాడు. మిషను తన పని తాను చేసుకుపోతోంది.

"అయిపోనాది బాబూ. ఫోను ఇలాగ తీసుకో."

చెవి దగ్గరనుంచి తీసి ముఖం ముందు పెట్టుకున్నాడు. ఆమె అప్పుడు ఏడుస్తోంది. ముక్కు చీదుకుని, చీరచెంగుతో తుడుచుకుని, డాక్టరమ్మకి సెప్పు, గుండాగిపోతే గుద్దొద్దను, అంది. ఆ తర్వాత ఇంకొక్క మాట అంది.

"మంగళారమే నువ్వు సెప్పుంటే, వచ్చీసుందును."

తిట్టలేదు. శాపం పెట్టలేదు. ఉన్నమాట చెప్పింది.

"షి సేస్ డోంట్ ప్రెస్ హిజ్ చెస్ట్," అన్నాడు ఉపేంద్ర డాక్టరుతో. "లెట్ హిమ్ గో."

డాక్టరు తల ఊపింది. ఆ చివరి మాట కూడా ఆమె విన్నది. భాష తెలియకపోయినా, ఆ మాట దగ్గర ఇతని ముఖం ఎలా అయిందో చూసింది. "అండ్ ఆఫ్టర్ దట్? షి సెడ్ సంథింగ్ మోర్."

ఏరిపారెయ్యడానికి అతనికి చేతనవును. థాంక్స్ చెబుతోంది అనవచ్చు, దేవుడికి దండం పెడుతోంది అనవచ్చు. గుమ్మంలో శ్యాంసుందర్ ఒక్కడే ఆ మాట అర్థమైనవాడు, అతను తల దించుకునే ఉన్నాడు, కాదని చెప్పేవాడు లేడు.

"ఇఫ్ ఐ హ్యాడ్ టోల్డ్ హర్ ఆన్ ట్యూస్‌డే," అన్నాడు ఉపేంద్ర, ఒక్కో మాటా విడదీసి, "షి వుడ్ హావ్ కమ్."

ఫోనులో అమ్ములు, మీ అన్నను ఒకసారి సరిగ్గా చూపించమంది. అతను ఫోను తిప్పి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.